అర మైక్రాన్ సందులో 182 మిల్లీవాట్లు — ఒక కేస్ స్టడీ

వేడిని కొలవడం నా పని. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కాలేజీ ల్యాబుల్లో హీటర్లు, థర్మోకపుల్స్, వాక్యూమ్ పంపులు చూసుకుంటూ, పరిశోధన చేసే పిల్లలకు కొలతల్లో సాయం చేస్తూ చాలా ఏళ్లు గడిచాయి. ఇక్కడ రాస్తున్న కేసు వరంగల్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరిగింది. కాలేజీ పేరు, విద్యార్థిని పేరు, ఆమె గైడ్ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. అంకెలు మాత్రం ఆమె నోటుబుక్కులో ఉన్నవే.

తప్పు కొలత చాలాసార్లు తప్పుగానే కనబడుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. ఈ కేసులో తప్పు కొలత అచ్చంగా థియరీ చెప్పినంతే వచ్చింది. దీన్ని రాయడానికి కారణం అదే.

నేపథ్యం

మే నెలలో పద్మాక్షి గుట్ట పక్కన సాయంత్రం నిలబడితే, పొద్దు గూకినంక కూడా బండ సెగ మొహానికి తగులుతుంది. గాలి కొంచెం చల్లబడినా బండ ఇంకా వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. అదే థర్మల్ రేడియేషన్. ఒక ఉపరితలం ఇలా ఎంత వేడి ఇవ్వగలదో చెప్పే గరిష్ఠ పరిమితి స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రంలో ఉంది. దాన్నే నల్లవస్తువు పరిమితి అంటారు. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది చదరపు మీటరుకు సుమారు 459 వాట్లు. ఆ సూత్రంలో దూరం ఎక్కడా లేదు. రెండు వెడల్పాటి పలకలు ఎదురెదురుగా ఉంటే, మధ్యలో ఒక మిల్లీమీటరు సందు ఉన్నా ఐదు మిల్లీమీటర్లు ఉన్నా, రేడియేషన్ ద్వారా పోయే వేడి మారదు.

అయితే దీనికి ఒక షరతు ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఉన్న వస్తువు వెదజల్లే తరంగాల్లో బలమైనవి పది మైక్రాన్ల పొడవు దగ్గర ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మధ్యలోని సందు ఆ పొడవు కంటే బాగా పెద్దగా ఉన్నంతవరకే పై సూత్రం చెల్లుతుంది. ఈ రేడియేషన్‌కు సిద్ధాంతం ఇచ్చిన భౌతిక శాస్త్రవేత్త ప్లాంక్ కూడా దాన్ని ఆ హద్దులోనే చెప్పాడు. సందు అంతకంటే చిన్నదైతే కథ మారుతుంది. ప్రతి ఉపరితలం మీద, బయటికి ఎగిరిపోకుండా దాన్నే అంటిపెట్టుకుని ఉండే విద్యుదయస్కాంత తరంగాలు ఉంటాయి. పై నుంచి కొద్ది మైక్రాన్ల లోపే అవి చచ్చిపోతాయి. ఆ లోపు దూరంలోకి రెండో ఉపరితలం వస్తే, చచ్చిపోవాల్సిన తరంగం అవతలి గట్టు ఎక్కేస్తుంది, దానితో పాటు వేడీ దాటుతుంది. దీని గణితాన్ని 1971లో పోల్డర్, వాన్ హోవ్ అనే శాస్త్రవేత్తలు పూర్తిగా రాశారు. సిలికా గాజులో పరమాణువుల కంపనాలు ఈ ఉపరితల తరంగాలతో బాగా జతకడతాయి కాబట్టి ఈ ప్రయోగాలకు అది మంచి పదార్థం. 2008లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం రెండు గాజు పలకల మధ్య సన్నని పాలిస్టైరీన్ ప్లాస్టిక్ గుళికలు పెట్టి, దాదాపు 1.6 మైక్రాన్ల సందులో నల్లవస్తువు పరిమితిని 35 శాతానికి పైగా దాటింది. మరుసటి ఏడాది అక్కడే సిలికా గోళాన్ని పలకకు 30 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) దగ్గరికి తెచ్చి, వెయ్యి రెట్ల స్థాయి చూపించారు.

మన విద్యార్థిని ఆ గుళికల పద్ధతినే ఎంచుకుంది. తక్కువ ఖర్చులో అయ్యే పని అదే. 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, బాగా నునుపు చేసిన రెండు సిలికా పలకలు. మధ్యలో అర మైక్రాన్, అంటే 500 నానోమీటర్ల గుళికలు చాలా పలచగా చల్లినవి. ఈ జతంతా పంపుతో గాలి తోడేసిన ఛాంబర్‌లో ఉంటుంది. పై పలక 47 డిగ్రీల దగ్గర, కింది పలక 27 డిగ్రీల దగ్గర. పై పలక వెనక మరో హీటర్ దిమ్మెను అదే 47 డిగ్రీల దగ్గర ఉంచింది, వేడి వెనక్కి పోకుండా. అప్పుడు పై పలకను నిలకడగా ఉంచడానికి ఎంత పవర్ ఇస్తామో, అంత వేడి సందు దాటుతున్నట్టు లెక్క.

ఈ కొలతలకు నల్లవస్తువు పరిమితి 66 మిల్లీవాట్లు. దూరంగా ఉంచిన మామూలు సిలికా పలకల మధ్య సుమారు 44. అర మైక్రాన్ సందులో థియరీ ప్రకారం పరిమితికి రెండున్నర, మూడు రెట్ల మధ్య, అంటే 165 నుంచి 200 మిల్లీవాట్ల దాకా రావాలి.

ఆమెకు 182 వచ్చింది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

నిజానికి సమస్య అని ఎవరూ పిలవలేదు. గైడ్ ఫోన్ చేసి, "సార్, పేపర్ పంపుతున్నాం, పంపే ముందు మీరు సెటప్ ఒక్కసారి చూస్తే బాగుంటది" అన్నారు. వెళ్లాను. సెటప్ నీట్‌గా ఉంది. ఐదు రోజుల రీడింగులు ఒకదానికొకటి మూడు మిల్లీవాట్ల తేడాలోనే ఉన్నాయి. ఆ అమ్మాయి చేతిపని మంచిదని చూడగానే అర్థమైంది.

ఒక్క ప్రశ్న అడిగాను. "సందు మార్చి చూశావా అమ్మా?"

కొంచెం ఆగి, నోటుబుక్కు చివరి పేజీలు తిప్పింది. అక్కడ పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసిన ఒక టేబుల్ ఉంది. రెండు మైక్రాన్ల గుళికలతో చేసిన రన్. రీడింగు 179. "రెండు మైక్రాన్లకు కూడా గంతే వచ్చింది సార్. శాంపిల్ సరిగ్గా కూర్చోలేదేమో అని పక్కన పెట్టిన" అంది.

ఆ కొట్టేసిన టేబులే ఈ కేసులో అసలు లక్షణం. రెండు మైక్రాన్లకు 80, 85 దగ్గర రావాలి. సందు నాలుగు రెట్లు పెరిగినా వేడి మారలేదంటే, ఆ వేడి సందు మీద ఆధారపడే దారిలో పోవడం లేదు. ఆమె దాచలేదు, అబద్ధం రాయలేదు. థియరీతో కలిసినదాన్ని నమ్మింది, కలవనిదాన్ని శాంపిల్ తప్పు అనుకుంది. మనలో చాలామందిమి చేసే పనే ఇది, నేనూ చేశాను. అందుకే ఆ పేజీ చింపకుండా ఉంచినందుకు ఆమెను అక్కడే మెచ్చుకున్నాను.

మొదట చేసినవి, పనికిరానివి

వేడి దొంగచాటుగా పోయే దారులు నాలుగు కనబడ్డాయి: వైర్లు, గుళికలు, మిగిలిన గాలి, పలకలు ఎక్కడైనా నేరుగా అంటుకోవడం. ఏది ముందు చూడాలి?

నేను వైర్లతో మొదలుపెట్టాను. నా అనుభవంలో సగం తప్పులు అక్కడే ఉంటాయి. హీటర్‌కు, సెన్సర్‌కు కలిపి 0.2 మిల్లీమీటర్ల రాగి తీగలు నాలుగు, ఒక్కొక్కటి ఐదు సెంటీమీటర్లు. రాగి వేడిని బాగా మోస్తుంది. లెక్క వేస్తే 20 డిగ్రీల తేడాకు నాలుగూ కలిసి 20 మిల్లీవాట్లు లాగేస్తున్నాయి. తీసేసి, వేడిని చాలా తక్కువగా మోసే కాన్‌స్టాంటన్ మిశ్రలోహపు తీగలు వేశాం. రీడింగు 182 నుంచి 162కి దిగింది. తప్పు ఒకటి దొరికింది కానీ జబ్బు తగ్గలేదు. రెండు మైక్రాన్ల గుళికలతో మళ్లీ చేస్తే 160 వచ్చింది.

తర్వాత గుళికలు. గైడ్‌కు వీటి మీదే అనుమానం ఎక్కువ, ఎందుకంటే రెండు పలకలనూ తాకుతున్నవి అవే. ప్రయోగం చేసేముందు కాగితం మీద చూద్దామన్నాను. పాలిస్టైరీన్ వేడిని సరిగా మోయదు. ఒక్కో గుళికను దాని పూర్తి వెడల్పున్న స్తంభం అనుకుని, ఉన్నదానికంటే ఎక్కువ అంచనా వేసినా, వెయ్యి గుళికలు కలిసి 1.2 మిల్లీవాట్లు దాటవు. ఆమె చల్లినవి వెయ్యి కంటే చాలా తక్కువ. పావుగంట లెక్కతో ఆ దారి మూసేశాం, ఒక వారం పని తప్పింది.

పలకలు అంటుకుంటున్నాయా అని చూడటానికి నేను చేసిన ప్రయత్నం మాత్రం వృథా అయింది. పైన స్ప్రింగు బరువును 50 గ్రాముల నుంచి 200 గ్రాములకు పెంచాం. అంటుకుని ఉంటే ఒత్తిడితో వేడి పెరగాలి అని నా ఆలోచన. ఏమీ మారలేదు. "అయితే అంటుకోలేదు" అని రాసుకున్నాను. ఆ మాట నిజమే, కానీ అక్కడే ఇంకో ప్రశ్న అడగాల్సింది: సందు నిజంగా అర మైక్రాన్ ఉంటే, అంత ఒత్తిడికి కొంచెమైనా తగ్గి, వేడి కొంచెమైనా పెరగాలి కదా? అసలు కదలకపోవడం కూడా ఒక సమాచారమే. నేను దాన్ని చదవలేదు. దానివల్ల పది రోజులు పోయాయి.

గాలి

మిగిలింది గాలి. పీడనం కొలిచే గేజ్ 0.5 పాస్కల్ చూపిస్తోంది. ఆమె వాదన ఇలా ఉంది: ఆ పీడనంలో గాలి అణువు మరో అణువును గుద్దుకోకుండా సెంటీమీటరుకు పైగా పోతుంది, మన సందు అర మైక్రాన్, కాబట్టి సందులో గాలి ద్వారా వేడి పోదు.

ఈ పొరపాటు చాలాచోట్ల చూశాను, అందుకే కాస్త నిలబడి చెప్తాను. అణువులు ఒకదాన్నొకటి గుద్దుకోనంత మాత్రాన వేడి ఆగదు. పై పలకను తాకిన అణువు ఆ వేడిని మోసుకుని, మధ్యలో ఎవరికీ పంచకుండా, నేరుగా కింది పలకకు అప్పజెప్పి తిరిగి వస్తుంది. ఎడ్లబండి మీద వడ్ల బస్తా ఊళ్లు మారి మార్కెట్ చేరడం ఒక పద్ధతి, పొలం నుంచి ఒక్క ట్రిప్పులో లారీ తెచ్చి దించడం ఇంకో పద్ధతి. ఈ రెండో పద్ధతిలో పోయే వేడి ఎన్ని అణువులున్నాయన్నదాని మీద, అంటే పీడనం మీద, ఆధారపడుతుంది. సందు వెడల్పుతో దానికి సంబంధం లేదు. పాస్కల్‌కు, డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు దాదాపు 1.2 వాట్లు.

సందుతో సంబంధం లేని వేడి! మన లక్షణం సరిగ్గా అదే. కానీ 0.5 పాస్కల్‌కు లెక్క వేస్తే ఆరు మిల్లీవాట్లే వస్తాయి. మనకు వంద పైన కావాలి.

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. లెక్క సరిపోలేదు కాబట్టి గాలిని వదిలేయడం, లేదా గేజ్‌ను అనుమానించడం. గేజ్ ఎక్కడుందో చూశాను. పంపు మూతి దగ్గర ఉంది. అక్కడి నుంచి ఛాంబర్ దాకా మీటరున్నర పొడవు, లోపల ఎనిమిది మిల్లీమీటర్ల సన్నటి గొట్టం. పంపు దగ్గర పీడనం బాగానే పడిపోతుంది. ఛాంబర్‌లో ఎక్కడో చిన్న లీకు ఉన్నా, ఆ సన్న గొట్టం గుండా గాలి వేగంగా రాలేక ఛాంబర్‌లోనే నిలిచిపోతుంది. గేజ్ చెప్పింది అబద్ధం కాదు, అది పంపు మూతి దగ్గరి నిజం.

వెంటనే గేజ్ మార్చకుండా ముందు ఒక చవక పరీక్ష చేశాం. వాల్వ్ కొంచెం మూసి పీడనం మెల్లగా పెరగనిచ్చాం. వేడి మొత్తం రేడియేషనే అయితే రీడింగు కదలకూడదు. పది నిమిషాల్లో 162 నుంచి 230 దాటింది. ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఏమీ అనలేదు.

తర్వాత గేజ్‌ను ఛాంబర్‌కే బిగిస్తే తొమ్మిది పాస్కల్ పైన చూపించింది. మూత కింద గాలి చొరకుండా ఆపే రబ్బరు ఓ-రింగు ఒకచోట పగిలి ఉంది. దాన్ని మార్చి, పొట్టిగా లావుగా ఉండే గొట్టం వేసి, పక్క డిపార్ట్‌మెంట్ నుంచి గాలిని ఇంకా బాగా తోడే టర్బో పంపు రెండు రోజులకు అడిగి తెచ్చాం. పీడనం పాస్కల్‌లో వెయ్యో వంతుకు దిగింది. ఆ స్థాయిలో గాలి మోసే వేడి లెక్కలోకే రాదు.

రీడింగు 51 మిల్లీవాట్లు.

రెండో తప్పు

51 అంటే నల్లవస్తువు పరిమితి కంటే తక్కువ. దూరంగా ఉన్న సిలికా పలకల 44 కంటే కాస్త ఎక్కువ. అంటే సందు అర మైక్రాన్ కానే కాదు. ఇన్నాళ్లూ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి: సందు పెద్దదవడం వల్ల తగ్గిన రేడియేషన్‌ను గాలి, రాగి తీగలు కలిసి భర్తీ చేసి, మొత్తాన్ని థియరీ చెప్పిన చోటికి తెచ్చి నిలబెట్టాయి. 51కి గాలి 111, తీగలు 20 కలిపితే సరిగ్గా 182.

ఆ సాయంత్రం ఆమె బాగా టెన్షన్ పడింది. ఏడాది పని పోయిందనుకుంది. పోలేదని చెప్పాను, ఇప్పుడే మొదటిసారి నిజమైన రేడియేషన్‌ను కొలిచావు అన్నాను.

సందు ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. బీఎస్సీలో న్యూటన్ వలయాలు చేసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సోడియం దీపం చాలు. పలకల జతను విడదీయకుండా బయటికి తీసి, హీటర్ దిమ్మె తప్పించి, ఫిజిక్స్ ల్యాబులో ఆ పసుపు దీపం కింద పెట్టాం. అక్కడ రెండు పలకల మధ్య ఒక్కో నల్ల గీతకు 295 నానోమీటర్ల సందు తేడా. పలకలు సమాంతరంగా కూర్చుంటే గీత ఒకటో రెండో కనబడాలి. మాకు దువ్వెన పళ్లలా గీతలే గీతలు. ట్రావెలింగ్ మైక్రోస్కోప్ జరుపుతూ ఆమె లెక్కపెట్టింది. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు యాభై. అంటే దాదాపు 15 మైక్రాన్లు. ఒక అంచున పలకలు గుళికల మీదే కూర్చున్నాయి, ఎదుటి అంచున ఏదో వాటిని ఎత్తి పట్టింది.

ఆ అంచును మైక్రోస్కోప్ కింద పెడితే కనబడింది: రిబ్బన్‌లా చదునుగా, అక్కడక్కడ మెలి తిరిగిన ఒక పోగు. ఆ మెలికలు చూస్తే మన ప్రాంతంలో ఎవరికైనా చెప్పక్కర్లేదు. పత్తి.

ల్యాబులో అందరూ ఒకే మాట అన్నారు, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే రోజులు, రోడ్డంతా దూదే కదా అని. నాకూ అలాగే అనిపించింది. కానీ ఊహ మీద కిటికీలు మూయిస్తే రేపు మళ్లీ ఇదే జరగొచ్చు. రెండు శుభ్రమైన గాజు స్లైడ్లు తీసుకున్నాం. ఒకదాన్ని కిటికీ పక్కన గంటసేపు తెరిచి పెట్టాం. రెండోదాన్ని ఆమె పలకలు తుడిచే గుడ్డతో, ఆమె తుడిచినట్టే, ఒక్కసారి తుడిచాం. కిటికీ స్లైడ్ మీద దుమ్ము రేణువులున్నాయి, పోగులు లేవు. తుడిచిన స్లైడ్ మీద నాలుగు పోగులు. మార్కెట్ తప్పేం లేదు. పోగు మా చేతి గుడ్డ నుంచే వచ్చింది. పైగా గాజును పొడిగా రుద్దితే స్టాటిక్ పుట్టి, పోగును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

పనిచేసింది

గుడ్డతో తుడవడం పూర్తిగా మానేశాం. అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డీఅయోనైజ్డ్ నీళ్లు వరుసగా, చివర నైట్రోజన్ ఊదడం. పలకలు జతచేయడానికి బయోటెక్ వాళ్ల దగ్గర, దుమ్ము వడగట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల అడిగాం. వాళ్లు టిష్యూ కల్చర్‌కు వాడేది, ఉదయం ఎనిమిదిలోపు వాడుకోమన్నారు. జత చేసిన ప్రతిసారీ ముందు సోడియం దీపం కింద గీతలు లెక్కపెట్టాలి. రెండు దాటితే ఛాంబర్‌లో పెట్టకూడదు, విడదీసి మళ్లీ కడగాలి. ఈ ఒక్క నియమం ఎన్ని రోజులు మిగిల్చిందో చెప్పలేను.

ఇంకొకటి, ఇది మొదటే చేయాల్సింది: ఖాళీ పరీక్ష. సిలికా పలకల మీద అల్యూమినియం పూత వేయించాం. ప్లాస్కు లోపలి అద్దం పూతలాగా అది రేడియేషన్‌ను చాలావరకు ఆపుతుంది. కొన్ని మిల్లీవాట్లకు మించి రాకూడదు. మిగతా ఏ దారిన వేడి పోతున్నా అది పూర్తిగా బయటపడుతుంది. మాకు ఐదు వచ్చింది. మొదటి రోజే ఈ పరీక్ష చేసి ఉంటే, పూత ఉన్న పలకల మధ్య కూడా 130 పైన కనబడి, మొత్తం గుట్టు ఒక్క పూటలో తేలిపోయేది.

తర్వాత వచ్చిన రీడింగులు: రెండు మైక్రాన్లకు 79, ఒక మైక్రాన్‌కు 104, అర మైక్రాన్‌కు 148. సందు తగ్గుతుంటే వేడి పెరుగుతోంది. పీడనం కొంచెం అటూ ఇటూ చేసినా కదలడం లేదు. పలకలకు పూత వేస్తే మాయమవుతోంది. ఈ మూడూ కలిసి ఉంటేనే నేను దీన్ని సందు దాటిన రేడియేషన్ అంటాను.

148 పాత 182 కంటే తక్కువ, థియరీ కంటే కూడా తక్కువ. గైడ్‌కు అది కాస్త బాధగా అనిపించింది. ఆ జతలో సోడియం దీపం కింద ఒక గీత ఉంది. అంటే ఒక అంచున అర మైక్రాన్, ఇంకో అంచున 0.8 మైక్రాన్ దగ్గర. ఆ సగటు సందుకు 148 సబబైన అంకె. పేపర్‌లో "500 నానోమీటర్లు" అని కాకుండా గీతల లెక్కతో వచ్చిన సందునే రాయమన్నాను, ఆమె అలాగే రాసింది. కొట్టేసిన పాత టేబుల్‌ను కూడా అనుబంధంలో చేర్చింది. ఆ మాట నేను చెప్పలేదు, తనే చేర్చింది.

ఇప్పుడు ఆమె 200 నానోమీటర్ల గుళికలతో మొదలుపెట్టింది. ఆ సందులో వేడి ఇంకా బాగా పెరగాలి. కానీ ఆ పరిమాణంలో ఒక్క దుమ్ము రేణువు చాలు పలకను ఎత్తేయడానికి. ఇంతవరకు పదకొండు జతలు కట్టింది, రెండు గీతల లోపు వచ్చింది ఒక్కటే. దాన్ని వచ్చే సోమవారం ఛాంబర్‌లో పెడుతున్నాం. ముందు పూత పలకలతో, తర్వాత మామూలు పలకలతో.